బానెట్ ఎత్తు, పిల్లల ఎత్తు

(నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్వేన్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చాలామంది అడిగినందువల్ల రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. పెద్ద పికప్ ట్రక్కుల గురించి మాట్లాడమని అడిగారు. నా ఉద్యోగమే రోడ్డు ప్రమాదాల లెక్కలు చూడటం కాబట్టి వెంటనే ఒప్పుకున్నాను. పికప్ అంటే మన ఊళ్ళలో మిరప బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకి పోయే బొలెరో పికప్ అనుకోకండి. నేను చెప్పేది ఈ మధ్య ఇక్కడి వీధుల్లో కనిపిస్తున్న ఆ పెద్ద బళ్ళ గురించి. డాడ్జ్ రామ్, ఫోర్డ్ ఎఫ్-150 లాంటివి. ఎంతమంది చూశారు? ఒకసారి చేతులెత్తండి. ఆఁ, దాదాపు అందరూ చూశారు.

రామ్ 1500 కొలతలు చెబుతాను. పొడవు దాదాపు 5.9 మీటర్లు. వెడల్పు, పక్క అద్దాలు కలపకుండానే, రెండు మీటర్లు దాటుతుంది. ఎత్తు కూడా ఇంచుమించు రెండు మీటర్లు. బరువు రెండున్నర టన్నుల పైమాటే. ఇప్పుడు యూరప్ నగరాల్లో వీధి పక్కన గీతలు గీసిన పార్కింగ్ జాగా చూడండి. చాలాచోట్ల దాని వెడల్పు 1.8 మీటర్లు. రెండు మీటర్లు దాటిన బండిని 1.8 మీటర్ల గడిలో పెడితే మిగిలిన భాగం ఎక్కడికి పోతుంది? ఒకవైపు ఫుట్‌పాత్ మీదకి, లేదా ఇంకోవైపు మనం సైకిలు తొక్కుకుంటూ పోయే జాగాలోకి. పొద్దున్నే ముందు సీట్లో చంటిదాన్ని కూర్చోబెట్టుకుని క్రెష్‌కి తీసుకెళ్ళే అమ్మలకి ఈ సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు.

కానీ పార్కింగ్ ఇబ్బంది పెద్ద విషయం కాదండి. నేను చెప్పదలుచుకున్నది బండి ముందు భాగం గురించి. బానెట్ గురించి.

ముందు వరసలో ఉన్న పాపా, ఒకసారి లేచి నిలబడతావా అమ్మా? ఎన్నో గ్రూపు నువ్వు? గ్రూప్ ఆరా. అంటే ఇక్కడి బడి లెక్కలో తొమ్మిదేళ్ళు. అందరికీ కనిపిస్తోందా? సరే, కూర్చో తల్లీ, థాంక్యూ. ఇప్పుడు ఈ పాప ఎత్తు గుర్తు పెట్టుకోండి. ట్రాన్స్‌పోర్ట్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అని బ్రసెల్స్‌లో ఒక సంస్థ ఉంది. 2025 జూన్‌లో వాళ్ళు ఒక నివేదిక విడుదల చేశారు. రామ్ బళ్ళలో టీఆర్ఎక్స్ అనే రకం ఉంది, దాన్ని పరీక్షించారు. డ్రైవరు సీట్లో మామూలుగా కూర్చున్న మనిషికి, సరిగ్గా బండి ముందు నిలబడ్డ పిల్లలు ఏ వయసు దాకా కనిపించరో చూశారు. తొమ్మిదేళ్ళ దాకా కనిపించరు. తొమ్మిదేళ్ళు! పాక్కుంటూ వెళ్ళే పసిపిల్లల సంగతి కాదు నేను చెప్పేది. తనంతట తాను సైకిలు తొక్కుకుంటూ బడికి వెళ్ళే వయసు. మీరందరూ ఇప్పుడే చూశారు ఆ ఎత్తు. ఆ ఎత్తు పిల్ల బండి ముందు నిలబడితే, డ్రైవరు ఎంత మంచివాడైనా, ఎంత జాగ్రత్తపరుడైనా, అతనికి ఖాళీ రోడ్డే కనిపిస్తుంది.

ఇది డ్రైవరు తప్పు కాదు, దయచేసి గమనించండి. అతను ఫోను చూడటం లేదు, తాగి లేడు. ఆ బండి ఆకారమే అలాంటిది.

సరే, కనిపించకపోవడం ఒకటి. తగిలితే ఏమవుతుందన్నది రెండోది. ఇది కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే అసలు కీలకం ఇక్కడుంది.

మామూలు కారు, అంటే చిన్న హ్యాచ్‌బ్యాక్ అనుకోండి, మనిషికి తగిలితే ముందు ఎక్కడ తగులుతుంది? మోకాలి దగ్గర, తొడ దగ్గర. శరీరం బరువుకి కేంద్రం నడుము దగ్గర ఉంటుంది కదా, దానికంటే కింద దెబ్బ పడుతుంది. అందువల్ల మనిషి పైకి లేచి బానెట్ మీద పడతాడు. కాలు విరగొచ్చు, తల అద్దానికి తగలొచ్చు. ఘోరమే. కాకపోతే ఆ బానెట్ రేకు కింద ఖాళీ ఉంచుతారు, తల తగిలినప్పుడు రేకు లోపలికి వంగి దెబ్బని కొంత మింగేలాగా. యూరప్‌లో కారు తయారు చేసేవాడు 2005 నుంచి దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. తల ఆకారంలో ఉన్న ఒక బరువుని, కాలు ఆకారంలో ఉన్న ఒక పరికరాన్ని కారు ముందు భాగానికి విసిరి కొట్టి కొలుస్తారు. కొత్త కార్లని గుద్ది చూసి భద్రతకి మార్కులిచ్చే యూరో ఎన్‌క్యాప్ వాళ్ళు అయితే 1997 నుంచీ పాదచారుల భద్రతకి కూడా మార్కులు ఇస్తూనే ఉన్నారు.

ఇప్పుడు ఎత్తైన, గోడలాగా నిలువుగా ఉన్న ముందు భాగం తగిలితే? పెద్దవాళ్ళకి కడుపులో, ఛాతీ దగ్గర తగులుతుంది. అక్కడ ఏమున్నాయి? కాలేయం, గుండె, ఊపిరితిత్తులు. మనిషి బానెట్ మీదకి లేవడు. ముందుకి, కిందకి పడతాడు. పడ్డాక బండి ఇంకా కదులుతూనే ఉంటుంది. పిల్లలకైతే ఆ దెబ్బ తిన్నగా తలకే. అంతకంటే వివరంగా చెప్పను, పిల్లలున్నారు ఇక్కడ.

అమెరికాలో ఐఐహెచ్ఎస్ అని ఇన్సూరెన్సు కంపెనీలు నడిపే భద్రతా పరిశోధన సంస్థ ఉంది. 2023 నవంబరులో వాళ్ళు దాదాపు 18 వేల పాదచారుల ప్రమాదాలు తీసుకుని లెక్క కట్టారు. బానెట్ అంచు ఎత్తు 40 అంగుళాలు, అంటే మీటరు దాటితే, మనిషి చనిపోయే అవకాశం కిందకి వాలిన చిన్న బానెట్ ఉన్న కార్లతో పోలిస్తే దాదాపు 45 శాతం ఎక్కువ. హవాయి యూనివర్సిటీలో జస్టిన్ టిండల్ అనే ఆర్థికవేత్త మరో పద్ధతిలో లెక్క కట్టారు. ఆయన ప్రకారం ముందు భాగం పది సెంటీమీటర్లు పెరిగితే పాదచారి చనిపోయే ప్రమాదం 22 శాతం పెరుగుతుంది. అవి అమెరికా లెక్కలు, ఇక్కడికి వర్తిస్తాయా అని అడుగుతారు. బెల్జియంలో వియాస్ ఇన్‌స్టిట్యూట్ అని రోడ్డు భద్రతా పరిశోధన సంస్థ ఉంది. వాళ్ళు బెల్జియం ప్రమాదాలే తీసుకున్నారు. బానెట్ 80 నుంచి 90 సెంటీమీటర్లకి పెరిగితే పాదచారులకి, సైకిలు వాళ్ళకి ప్రాణాపాయం 27 శాతం పెరిగింది. పికప్ తగిలితే తీవ్రమైన గాయం అయ్యే అవకాశం కారు తగిలినప్పటికంటే 90 శాతం ఎక్కువ. మూడు చోట్ల, ముగ్గురు వేర్వేరు పద్ధతుల్లో చేశారు. అంకెలు కాస్త అటూ ఇటూ. దిశ మాత్రం ఒక్కటే.

వియాస్ వాళ్ళ లెక్కలో ఇంకో సంగతి ఉంది, కార్లున్న మనందరికీ సంబంధించినది. 1,600 కిలోల కారు 1,300 కిలోల కారుని గుద్దుకుంటే ఏమవుతుందని చూశారు. బరువైన దాంట్లో ఉన్నవాళ్ళకి ప్రాణాపాయం 50 శాతం తగ్గింది. తేలికైన దాంట్లో ఉన్నవాళ్ళకి 77 శాతం పెరిగింది. తేడా 300 కిలోలే! రామ్‌కి, మనలో చాలామంది నడిపే చిన్న కారుకి మధ్య తేడా టన్ను దాటుతుంది. పెద్ద బండి కొనేవాళ్ళు చాలామంది "మా పిల్లలు క్షేమంగా ఉండాలని" అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు, ప్రేమే ఉంది. ఆ క్షేమంలో కొంత ఎదుటి కారులో ఉన్న పిల్లల దగ్గర నుంచి వస్తోందన్నది ఎవరూ వాళ్ళకి చెప్పలేదు, అంతే. అప్పుడు ఎదుటివాళ్ళు ఏం చేస్తారు? వాళ్ళూ పెద్దది కొంటారు. సైకిలు తొక్కేవాళ్ళు ఏం కొనాలి?

ఒక మాట. ఈ బళ్ళ వల్ల రోడ్లు పాడైపోతాయని కొందరు అంటారు. ఆ వాదన నేను చెయ్యను. రోడ్డుని అరగదీసేది సరుకు లారీలు, వాటి ఇరుసు మీద పడే బరువు. దాంతో పోలిస్తే పికప్ పాపం చాలా తక్కువ. లేని నేరం మోపితే ఉన్న నేరం కూడా నమ్మరు.

మరి ఇన్ని నియమాలున్న యూరప్‌లోకి ఇవి ఎలా వస్తున్నాయి? ఇది చాలామందికి తెలియదు. యూరప్‌లో ఒక కొత్త మోడల్ అమ్మాలంటే ముందే ప్రభుత్వ అనుమతి కావాలి. నెదర్లాండ్స్‌లో అది ఆర్‌డీడబ్ల్యూ అనే ప్రభుత్వ సంస్థ ఇస్తుంది, జర్మనీలో కేబీఏ అనే సంస్థ ఇస్తుంది. పరీక్షలు చేసి, ఆ పరీక్షలు పాసయ్యాకే షోరూముకి వస్తుంది. అమెరికాలో పద్ధతి వేరు. తయారుచేసిన కంపెనీయే "మా బండి నియమాల ప్రకారం ఉంది" అని తనకు తాను సర్టిఫికెట్ ఇచ్చుకుంటుంది. తేడా వస్తే ప్రభుత్వం తర్వాత పట్టుకుంటుంది. పైగా ఆ నియమాల్లో పాదచారులకి తగిలినప్పుడు బండి ముందు భాగం ఎలా ఉండాలన్న నియమమే ఇప్పటికీ లేదు. 2024 సెప్టెంబరులో అక్కడి రోడ్డు భద్రతా సంస్థ పాదచారుల తలకి తగిలే దెబ్బ గురించి మొదటిసారి ఒక ముసాయిదా పెట్టింది. మొదటిసారి! ఇక్కడ ఆ పరీక్షలు మొదలై అప్పటికే ఇరవై ఏళ్ళు కావస్తోంది.

అయితే యూరప్ చట్టంలో ఒక పక్క తలుపు ఉంది. ఒక్కొక్క బండికి విడిగా ఇచ్చే అనుమతి. అది ఎందుకు పెట్టారు? రేపు మీలో ఎవరైనా అమెరికా నుంచి ఇక్కడికి ఉద్యోగం మారితే, అక్కడి కారు వెంట తెచ్చుకోవాలనుకుంటే దాని కోసం. పాత కార్లు సేకరించేవాళ్ళ కోసం. ఒకే ఒక్కటిగా తయారు చేసుకున్న ప్రత్యేక బండి కోసం. అలాంటి వాటికి పూర్తి పరీక్షలన్నీ పెట్టడం న్యాయం కాదు కదా, అందుకని కొన్నిటికి తేలికైన ప్రత్యామ్నాయాలు ఒప్పుకుంటారు. మంచి ఉద్దేశమే. ఇప్పుడు ఆ తలుపులోంచి దిగుమతి వ్యాపారులు ఏటా కొన్ని వేల కొత్త బళ్ళు తెచ్చి అమ్ముతున్నారు. ఒక్కో బండికీ విడి కాగితం, ఒక్కోటీ విడి అనుమతి. కాగితం మీద ప్రతిదీ "ఒక్క బండే". అన్నీ కలిపితే వ్యాపారం.

నెదర్లాండ్స్‌లో దీనికి పన్ను కూడా తోడైంది. ఇక్కడ వ్యాపారం ఉన్నవాళ్ళు కమర్షియల్ బండి కొంటే బీపీఎం అనే కొనుగోలు పన్ను ఉండేది కాదు. ఆ పన్ను పొగనిబట్టి వేస్తారు. ఇంత పెద్ద ఇంజిన్ మీద మామూలుగా అయితే తడిసి మోపెడయ్యేది. పికప్‌ని సరుకు రవాణా బండి కింద నమోదు చేయిస్తే ఆ పన్ను మాఫీ. 2025 జనవరి 1 నుంచి ఆ మాఫీ ఎత్తేశారు. మంచి పని చేశారు. అప్పటికే వచ్చినవి మాత్రం వీధుల్లో ఉన్నాయి, ఇంకో పదేళ్ళు, పదిహేనేళ్ళు ఉంటాయి.

పని కోసం పెద్ద బండి కావాలి కదా అంటారు. న్యాయమైన ప్రశ్న. వడ్రంగులు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు ఏం చెయ్యాలి? మీ ఇంటికి హీటర్ బాగుచెయ్యడానికి వచ్చినవాళ్ళు ఏ బండిలో వచ్చారో గుర్తు తెచ్చుకోండి. తెల్ల వ్యాను. ట్రాన్సిట్, స్ప్రింటర్. అదీ పెద్దదే, అదీ బరువైనదే. కానీ దాని ముక్కు చూడండి. పొట్టిగా, కిందకి వాలి ఉంటుంది. డ్రైవరు బాగా ముందుకి కూర్చుంటాడు, బండి ముందు ఎవరున్నారో దగ్గరగా కనిపిస్తుంది. సామాను సంగతి చూద్దాం. రెండు వరసల సీట్లున్న రామ్ 1500 వెనక తొట్టి పొడవు ఎక్కువగా 1.7 మీటర్లే. ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీటు వెనక తలుపు మూసి పడుకోబెట్టలేం. వ్యానులో పడుతుంది, వాన కూడా తగలదు. ఈ దేశంలో ఎన్ని రోజులు వాన పడుతుందో మీకు తెలుసు. పని కోసమే అయితే వ్యాను గెలుస్తుంది. ప్రతిసారీ గెలుస్తుంది. గుర్రపు ట్రెయిలర్లు, పెద్ద పడవలు లాగేవాళ్ళకి పికప్ నిజంగా ఉపయోగమే, కాదనను. కానీ స్కూల్ ముందు ఆగి ఉన్న ఆ బండి వెనక నేను పడవ చూడలేదు.

అసలు అమెరికాలో ఈ బళ్ళు ఇంత ఎందుకు పెరిగాయి? అక్కడి మనుషులకి పెద్దవంటే ఇష్టమని తేల్చేస్తారు. మా బావమరిది డాలస్‌లో ఉంటాడు, ఎఫ్-150 నడుపుతాడు. గుంటూరులో ఉన్నప్పుడు స్కూటీ నడిపినవాడే. మనిషి మారలేదు, చుట్టూ ఉన్న నియమాలు మారాయి. ఆ కథ మొదలైంది కోడిమాంసంతో, అదీ యూరప్ నుంచి.

1960ల మొదట్లో అమెరికా నుంచి చవక కోళ్ళు జర్మనీ, ఫ్రాన్స్ మార్కెట్లని ముంచెత్తాయి. ఇక్కడి రైతులు గోల పెట్టారు. అప్పటి యూరప్ ఉమ్మడి మార్కెట్ 1962లో కోళ్ళ మీద సుంకం పెంచింది. అమెరికా బదులు తీర్చుకుంది. జాన్సన్ అధ్యక్షుడిగా ఉండగా, 1964 జనవరి నుంచి దిగుమతి అయ్యే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. బ్రాందీ మీద, బంగాళదుంప పిండి మీద కూడా వేసింది. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ చిన్న వ్యాన్లు, పికప్‌లు అప్పట్లో అక్కడ బాగా అమ్ముడయ్యేవి, అవి దెబ్బ తిన్నాయి. కాలక్రమంలో మిగతా సుంకాలు పోయాయి. ట్రక్కుల మీద సుంకం మాత్రం అరవై ఏళ్ళు దాటినా నిలబడి ఉంది. ఆ 25 శాతం గోడ వెనక అమెరికా కంపెనీలకి పోటీ లేదు. పికప్‌ల మీద వచ్చిన లాభం కార్ల మీద రాలేదు. అందుకని ఏం చేస్తారు? పికప్‌లే ఎక్కువ చేస్తారు, వాటికే ప్రకటనలు ఇస్తారు.

దాని మీద ఇంకోటి పడింది. 1975లో అక్కడ ఇంధన పొదుపు చట్టం వచ్చింది. కార్లకి గట్టి నియమం పెట్టారు, ట్రక్కులకి మెత్తటి నియమం. రైతులు, పనివాళ్ళు వాడతారు కదా అని. తర్వాత 2010 దాటాక ఇంకో మార్పు. బండి చక్రాల మధ్య ఎంత జాగా ఉంటే నియమం అంత సడలుతుంది. అంటే బండి పెద్దది చేసేకొద్దీ కంపెనీకి సులువు. ఇవాళ అమెరికాలో అమ్ముడయ్యే ప్రతి పది కొత్త బళ్ళలో దాదాపు ఎనిమిది పికప్‌లు, ఎస్‌యూవీలు, వ్యాన్లే. ఏ ఒక్కరూ కూర్చుని "రండి, ఎత్తైన బానెట్లు తయారు చేద్దాం" అనుకోలేదు. సుంకం ఒకటి, సడలింపు ఒకటి, మినహాయింపు ఒకటి. వీధిలో నడిచే మనిషి వీటిలో ఏ ఒక్క సమావేశంలోనూ లేడు.

ఫలితం? 2010లో అమెరికా రోడ్ల మీద చనిపోయిన పాదచారులు 4,300 మంది. 2022లో 7,500 దాటారు. పన్నెండేళ్ళలో! ఆ పెరుగుదల అంతా పికప్‌ల వల్లే అని నేను అనను. చీకట్లో వెలుతురు లేని వెడల్పాటి రోడ్లు, వేగం, ఫోన్లు, ఇవన్నీ ఉన్నాయి. ఫోన్లు మరి యూరప్‌లో లేవా? ఉన్నాయి కదా. అదే కాలంలో యూరోపియన్ యూనియన్‌లో మొత్తం రోడ్డు మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 2024లో యూనియన్ అంతా కలిపి దాదాపు 20 వేల మంది చనిపోయారు. అమెరికాలో 39 వేల పైన. యూనియన్ జనాభా 45 కోట్లు, అమెరికాది 34 కోట్లు. పది లక్షల మందికి ఇక్కడ 45 మరణాలైతే అక్కడ 110 పైన. 20 వేలు తక్కువేం కాదండి, ఒక పట్టణం అది. కానీ ఇక్కడ లెక్క కిందకి దిగుతోంది.

ఇప్పుడు 2025కి వద్దాం. జూలై 27న స్కాట్లండ్‌లోని టర్న్‌బెరీలో ట్రంప్, యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫన్ డర్ లయన్ కూర్చుని వాణిజ్య ఒప్పందం కుదుర్చుకున్నారు. యూరప్ కార్ల మీద అమెరికా సుంకం 27.5 శాతం నుంచి 15 శాతానికి దిగింది. జర్మనీ కంపెనీలు ఊపిరి పీల్చుకున్నాయి. ఆగస్టు 21న ఉమ్మడి ప్రకటన వచ్చింది. అందులో కార్ల గురించి ఒక వాక్యం ఉంది. ఒకరి ప్రమాణాలని ఇంకొకరు గుర్తించి, ఒప్పుకునే ఉద్దేశం ఉందని. ఒక్క వాక్యం. చదివితే ఏమీ లేనట్టే ఉంటుంది. అది అక్షరాలా అమలైతే, నేను ఇందాక చెప్పిన ఆ పక్క తలుపు అవసరం లేదు. సింహద్వారమే తెరుచుకుంటుంది. పాదచారుల పరీక్ష లేకుండా తయారైన బండి, తనకు తాను సర్టిఫికెట్ ఇచ్చుకున్న బండి, వేలల్లో కాదు, ఎన్నైనా రావచ్చు.

ఇద్దరు పెద్దమనుషులు గట్టు తగాదా తీర్చుకుంటూ మూడోవాడి పొలం రాసిచ్చినట్టుంది నాకు. సుంకం తగ్గితే లాభం కంపెనీలకి. దాని కోసం వదులుకుంటున్నది ఎవరిది? జీబ్రా క్రాసింగ్ మీద నడిచేవాళ్ళది. యూరప్‌లో రోడ్డు భద్రత మీద పని చేసే పౌర సంఘాలు డజన్ల కొద్దీ కలిసి అప్పుడే వ్యతిరేకించాయి. నగర పాలకులూ గొంతు కలిపారు.

ఇక్కడొక చిన్న ఉదాహరణ చెప్పాలి, టెస్లా సైబర్‌ట్రక్. దాని అంచులు పదునుగా ఉంటాయి. యూరప్ నియమం ప్రకారం మనిషికి తగిలే అవకాశం ఉన్న బయటి అంచులు గుండ్రంగా ఉండాలి. 2025 జనవరిలో ఇంగ్లండ్‌లో గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు రోడ్డు మీద తిరుగుతున్న ఒక సైబర్‌ట్రక్‌ని స్వాధీనం చేసుకున్నారు. అనుమతి లేదు గనక. ఎవరికీ దెబ్బ తగలకముందే ఆపారు. నియమం ఉంటే పోలీసు ఆపగలడు. ఆ నియమాన్నే బేరంలో పెట్టేస్తే ఏ పోలీసు ఏం చెయ్యగలడు?

మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు, "మనం ఇక్కడికి ఉద్యోగానికి వచ్చాం, ఇది వాళ్ళ గొడవ" అని. వాళ్ళది ఎలా అవుతుందండీ? మీ పిల్లలు ఈ రోడ్ల మీదే బడికి వెళుతున్నారు. ఈ రోడ్లు కూడా ఎప్పుడూ ఇలా లేవు. 1971లో నెదర్లాండ్స్‌లో మూడు వేల పైన జనం రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. అందులో 400కి పైగా పిల్లలు. ఒక్క ఏడాదిలో, ఇంత చిన్న దేశంలో. అప్పుడు మామూలు తల్లిదండ్రులు రోడ్డెక్కారు. "స్టాప్ డే కిండర్‌మోర్ట్", పిల్లల హత్యలు ఆపండి, అని ఉద్యమం నడిపారు. ప్రమాదాలు జరిగిన చోట్ల బైఠాయించారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని డి పైప్ పేటలో పిల్లలే తమ వీధిని మూసేసి ఆడుకున్నారు. ఇవాళ మనం చూస్తున్న సైకిలు దారులు, నెమ్మది వీధులు అక్కడి నుంచి వచ్చాయి. 2024లో నెదర్లాండ్స్‌లో రోడ్డు మరణాలు 675. జనాభా పెరిగింది, కార్లు ఎన్నో రెట్లు పెరిగాయి, మరణాలు ఐదోవంతుకి దగ్గరగా వచ్చాయి. హెల్సింకీలో అయితే 2025 జూలై నాటికి వరసగా ఏడాది పాటు ఒక్క రోడ్డు మరణం లేదు. ఒక రాజధాని నగరంలో! అక్కడ సగానికి పైగా వీధుల్లో వేగం 30 కిలోమీటర్లు. ఆమ్‌స్టర్‌డామ్‌లో కూడా 2023 డిసెంబరు నుంచి చాలా వీధుల్లో 30 చేశారు. బ్రసెల్స్ 2021 నుంచే చేసింది. ఇంత కష్టపడి తగ్గించుకున్న దాన్ని ఒక వాక్యంతో పోగొట్టుకుంటామా?

నగరాలు ఊరుకోవడం లేదు, అది కూడా చెప్పాలి. పారిస్‌లో 2024 ఫిబ్రవరి 4న జనాన్నే అడిగారు, బరువైన కార్లకి పార్కింగ్ మూడింతలు చెయ్యాలా అని. ఓటు వేసినవాళ్ళు తక్కువే, ఆరు శాతం కూడా లేరు. వేసినవాళ్ళలో 54 శాతం పైన అవునన్నారు. ఆ అక్టోబరు నుంచి అమలైంది. ఊరి మధ్యలో బయటివాళ్ళ బండికి గంటకి 18 యూరోలు. పెట్రోలు, డీజిలు, హైబ్రిడ్ బండ్లైతే 1.6 టన్నులు దాటితే, ఎలక్ట్రిక్ అయితే రెండు టన్నులు దాటితే. ఫ్రాన్స్‌లో కారు కొనేటప్పుడే బరువు మీద పన్ను కూడా ఉంది. జర్మనీలో ట్యూబింగెన్ అనే చిన్న ఊరు బరువైన కార్లకి పార్కింగ్ పర్మిట్ ధర పెంచింది. ఇవి మంచివే. నా అభిప్రాయం మాత్రం, పార్కింగ్ ధరతో బానెట్ ఎత్తు తగ్గదు. డబ్బున్నవాడు కట్టి నిలుపుకుంటాడు. బానెట్ ఎత్తుకే ఒక పరిమితి కావాలి. చట్టంలో ఇప్పుడు అలాంటిది లేదు. అందుకే మామూలు కార్లు కూడా పెరుగుతున్నాయి. యూరప్‌లో కొత్త కార్ల సగటు బానెట్ ఎత్తు 2010లో 77 సెంటీమీటర్లు, 2024కి దాదాపు 84. ఏడాదికి అర సెంటీమీటరు చొప్పున, ఎవరికీ తెలియకుండా. మనలో ఎస్‌యూవీలు ఉన్నవాళ్ళు ఉన్నారు. మిమ్మల్ని తప్పు పట్టడానికి రాలేదు నేను. వచ్చేసారి కొనేటప్పుడు షోరూములో బూట్ స్పేస్ చూసినట్టే, ఇంటి నుంచి మీ పిల్లని తీసుకెళ్ళి బానెట్ ముందు నిలబెట్టి, మీరు డ్రైవరు సీట్లో కూర్చుని చూడండి.

మన దేశం సంగతేమిటని వెనక నుంచి ఒకరు అడిగారు. అది పెద్ద విషయం, వేరే రోజు మాట్లాడుకోవాలి. 2023లో ఇండియాలో రోడ్ల మీద లక్షా 72 వేల మంది చనిపోయారు. ఎక్కువమంది టూవీలర్ల మీద వెళ్ళేవాళ్ళు, నడిచేవాళ్ళు. ఒక్క మాట మాత్రం చెబుతాను. బళ్ళ ముందు ఇనప గార్డులు, బుల్ బార్లు బిగించుకోవడం మన దగ్గర ఫ్యాషన్ కదా. 2017 డిసెంబరులో కేంద్రం వాటిని నిషేధించింది. పాదచారులకి ప్రమాదమన్న కారణంతోనే. అమలు ఎంతవరకు ఉందో మీరు సెలవులకి వెళ్ళినప్పుడు చూస్తూనే ఉంటారు. కానీ బండి ముందు భాగం మీ సొంత వ్యవహారం కాదు, దాని ముందు నిలబడేవాళ్ళ వ్యవహారం కూడా అన్న సూత్రాన్ని మన చట్టమూ ఒప్పుకుంది.

చివరిగా, మనం ఏం చెయ్యగలం. ఇక్కడి పౌరసత్వం ఉన్నవాళ్ళు యూరోపియన్ పార్లమెంటుకి ఓటేశారు. ఈ దేశం నుంచి 31 మంది సభ్యులున్నారు. మీ సభ్యుడికి ఒక మెయిల్ రాయండి. పొడవుగా అక్కర్లేదు. ఆ ఉమ్మడి ప్రకటనలో కార్ల ప్రమాణాల వాక్యం గురించి మీ వైఖరి ఏమిటని అడగండి చాలు. పాస్‌పోర్టు ఇండియాదే అయినా, ఇక్కడ చట్టబద్ధంగా వరసగా ఐదేళ్ళు ఉన్నవాళ్ళకి మునిసిపాలిటీ ఎన్నికల్లో ఓటు ఉంది. చాలామందికి ఈ సంగతి తెలియక కార్డు వచ్చినా పక్కన పడేస్తారు. స్కూల్ ముందు వీధిని బడి వేళల్లో బండ్లకి మూసెయ్యాలా, ఏ వీధిలో ఎంత వేగం ఉండాలి, ఇవి మునిసిపాలిటీ తేల్చేవే.

ఇందాక టీ దగ్గర ఒకాయన అడిగారు, మా పక్కింట్లో రామ్ ఉంది, మంచి మనిషి, ఏం మాట్లాడాలి అని. పోట్లాట పెట్టుకోకండి. ముందు కెమెరా ఉందా అని అడగండి. లేకపోతే పెట్టించుకోమనండి, ఆగిన చోటు నుంచి బండి తీసేటప్పుడు అది నిజంగా పనికొస్తుంది. కెమెరా ఉన్నంత మాత్రాన తగిలినప్పుడు దెబ్బ తగ్గదన్నది కూడా చెప్పండి. ఎనిమిదింపావు నుంచి ఎనిమిదిన్నర మధ్య, పిల్లలు బడికి వెళ్ళే టైములో, వీలైతే బండి తియ్యొద్దని అడగండి. మీ పిల్లల్ని ఒకసారి ఆయన డ్రైవరు సీట్లో కూర్చోబెట్టమనండి, అక్కడి నుంచి ఎంత మేర కనిపించదో వాళ్ళే చూస్తారు. ఆయన్ని కూడా దిగి బండి ముందు నిలబడమనండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి. మైకు ముందు ఆ వెనక ఉన్నావిడకి ఇవ్వండి, చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు.